బొట్టు పెట్టిన బేస్‌బాల్ కార్డు

"ఎవరు చేశారు ఈ పని? హూ డిడ్ దిస్?"

దసరా పూజ ఇంకా పూర్తి కానేలేదు. కూతురు విద్య కేకకి, హారతి పళ్లెం పట్టుకున్న భానుమతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. శాంటా క్లారాలోని ఆ ఇంటి హాల్లో, అమ్మవారి పటం ముందు కారు తాళాలు, కాలిక్యులేటర్, కుట్టుమిషను కత్తెర బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన పోయిన తాతగారి ఫోటో. దానికి ఆనుకుని పేకముక్కంత ఇంకో ఫోటో. టోపీ పెట్టుకున్న తెల్లాయన. ఆయన నుదుటి మీద నిగనిగలాడే కుంకుమ బొట్టు!

"అక్కడ పెట్టింది నేనేనండీ," అన్నాడు జగదీష్. "టేబుల్ మీద ఉంటే తెచ్చాను. పాత ఫోటో కదా, మీకు కావలసినవాళ్లెవరో పోయారనుకున్నాను."

జగదీష్ తెనాలి నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు. చిప్పుల కంపెనీలో ఇంజనీరు. పండగపూట బ్రహ్మచారి వంటేమిటని భానుమతి ఆంటీ భోజనానికి పిలిస్తే వచ్చాడు. ఆంటీ కూతురు విద్యని చూడటం అదే మొదటిసారి. చూపులు ఇలా కలుస్తాయని అనుకోలేదు పాపం.

"పోవడమేంటి? ఆయన బతికే ఉన్నాడు! వాల్టర్ డీకిన్! నైన్టీన్ ఫిఫ్టీ వన్, బే పెలికన్స్ పిచర్!"

"పిచర్ అంటే?"

"బాల్ వేసేవాడు!"

"ఓ, బౌలరా! అలా చెప్పండి."

విద్య చూసిన చూపుకి హారతి కర్పూరం అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవాలి.

భానుమతి బాధ వేరు. "అయ్యో అయ్యో, బతికున్న మనిషిని పోయినవాళ్ల పక్కన పెట్టి బొట్టు పెట్టానా! తొందర్లో చూసుకోలేదే! ఎంత అపచారం!" అని చెంపలు వేసుకుంది.

విద్య అయిదేళ్లప్పుడు ఈ దేశం వచ్చింది. తెలుగు కంటే బేస్‌బాల్ బాగా వచ్చింది. పాత పెలికన్స్ జట్టులో ప్రతి ఆటగాడి ఫోటో అచ్చేసిన కార్డూ సంపాదించి, ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని సంతకం పెట్టించింది. ఒకాయన తన బార్బర్ షాపులో గడ్డం గీస్తూ గీస్తూ ఆగి పెట్టాడు. ఇంకొకాయన అప్పటినుంచీ ప్రతి క్రిస్మస్‌కీ ఆమెకి గ్రీటింగ్ పంపిస్తాడు. మిగిలింది డీకిన్ ఒక్కడే. ఆయన ఎవరికీ సంతకం పెట్టడు.

ఆదివారం శాన్ హోసేలో కార్డుల ప్రదర్శన. "తమ్ముడి కోసం కొంటున్నావా అమ్మాయీ?" అని ఇన్నాళ్లూ అడిగిన మగవాళ్ల ముందు పూర్తి జట్టుని నిలబెట్టాలని ఆమె పంతం. ఆ సాయంత్రమే డీకిన్‌ని బతిమాలుకోవాలని కార్డుని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి పెట్టుకుంది. ఇంతలో ఇదీ సంగతి.

"రబ్బరుతో రుద్దితే పోదంటారా?" అన్నాడు జగదీష్.

"టచ్ చెయ్యకు! కుంకుమ పోదు, బొమ్మ పోతుంది. చిన్న మరక ఉన్నా వాల్యూ జీరో. దీన్నిక ఎవరూ కొనరు, తెలుసా నీకు?"

"అమ్మడానికా దాచుకున్నారు?"

"కాదు!"

"మరింకేం?"

విద్యకి ఇంకా కోపం వచ్చింది.

భానుమతి అప్పటికే పులిహోర డబ్బాలోకి సర్దేసింది. "పదండి, ఆయన్ని క్షమించమని అడిగి వద్దాం. జగదీష్, కారు తియ్యి బాబూ."

దారిలో ఆ ఏటి మొదటి వాన మొదలైంది. జగదీష్ పాత కారుకి ఒక వైపు వైపరే కదులుతోంది.

"నా వైపుది పని చెయ్యదా?" అంది విద్య.

"ఇందాక తాళాలకి బొట్టు పెట్టించాంగా. చేస్తుంది, కాస్త ఓపిక పట్టండి."

విద్య నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. అద్దంలో ఆ నవ్వు కనిపించనే కనిపించింది. జగదీష్ మనసు ఆ క్షణమే జారిపోయింది. కారు మాత్రం జారకుండా చూసుకున్నాడు.

కంప్యూటర్ కంపెనీల మధ్య మిగిలిపోయిన ఆప్రికాట్ తోట డీకిన్‌ది. రేకుల షెడ్డులో ఎండు ఆప్రికాట్లు అమ్ముకుంటున్నాడు. విద్య చేతిలో కార్డు చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"సంతకం పెట్టను. పళ్లు కావాలంటే తీసుకోండి."

"సంతకానికి రాలేదు సర్," అంది విద్య. "సారీ చెప్పడానికి వచ్చాం."

డీకిన్ కళ్లజోడు పెట్టుకుని కార్డు చూశాడు. "నా నుదుటి మీద ఇదేమిటి?"

భానుమతి జగదీష్‌ని ముందుకి తోసింది. కంగారులో అతని ఇంగ్లీషు మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఇవాళ మాకు పండగ సర్. మమ్మల్ని బతికించే పనిముట్లకి ఇలా బొట్టు పెట్టి దండం పెడతాం. పోయిన పెద్దల ఫోటోలకీ పెడతాం. మీరు పోయారనుకున్నాను. మీరు బతికున్నందుకు వెరీ సారీ సర్!"

విద్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

డీకిన్ పగలబడి నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"నేనెందుకు సంతకం పెట్టనో తెలుసా అమ్మాయీ? మనవడి కోసమంటారు, మంచానపడ్డ తండ్రి కోసమంటారు. నిజమని నమ్ముతాను. వారం తిరిగేసరికి నా సంతకం షాపు అద్దం వెనక అమ్మకానికి ఉంటుంది." కార్డుని వెలుతురులోకి ఎత్తాడు. "దీన్నెవడైనా కొంటాడా?"

"కొనరు సర్. ఒక్కరు కూడా."

"అయినా పారెయ్యలేదే?"

"మిమ్మల్నెందుకు పారేస్తాను? మీరు లేకపోతే టీమ్ ఉండదు కదా!"

డీకిన్ చెయ్యి చాపాడు. "పెన్నివ్వు," అన్నాడు.

బొట్టు చెదరకుండా, దాని కింద, పేరు పొడుగ్గా రాశాడు. విద్య కేక పెట్టి పక్కనున్న చెయ్యి పట్టేసుకుంది. అది జగదీష్‌దని ఆలస్యంగా చూసుకుంది, ఇంకా ఆలస్యంగా వదిలింది.

డీకిన్ లోపలికెళ్లి పగుళ్లు తేలిన, బంతి పట్టే తోలు గ్లవ్ తెచ్చాడు. "నన్ను బతికించిన పనిముట్టు ఇది. దీనికీ పెడతారా?"

భానుమతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ భరిణె తీసింది.

ఆదివారం ప్రదర్శన హాలు కిక్కిరిసింది. విద్య బల్ల మీద మొత్తం జట్టు, మధ్యలో బొట్టు పెట్టుకున్న డీకిన్. జనం మూగి చూస్తున్నారు. అంతలో అసలు డీకినే గ్లవ్ తొడుక్కుని తలుపులోంచి లోపలికి వచ్చాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా లేచి చప్పట్లు. "తమ్ముడి కోసమా?" అని అడిగే పెద్దమనిషి అందరికంటే గట్టిగా కొట్టాడు. విద్య ఏడుస్తూ నవ్వింది.

"ఇక నన్ను క్షమించినట్టేనా?" అన్నాడు జగదీష్.

"నాట్ యెట్. పొద్దుట్నుంచి ఏదో చెప్పాలని నోరు తెరుస్తావు, మూస్తావు. చెప్పేసెయ్."

"మీరంటే... నువ్వంటే నాకిష్టం విద్యా. ఆ వైపర్ పని చెయ్యని రోజు నుంచీ."

విద్య గబుక్కున తల్లి బ్యాగ్‌లోంచి భరిణె లాగి, వేలు ముంచి, అతని నుదుటి మీద ఇంత బొట్టు పెట్టింది.

"అయిపోయింది. నీ వాల్యూ ఇక జీరో. నిన్నింకెవరూ కొనరు, నా కలెక్షన్‌లోనే ఉండాలి."

భానుమతి అన్నీ చూస్తూనే ఉంది. "జగదీష్, మీ అమ్మగారి అడ్రస్ చెప్పు బాబూ, ఉత్తరం రాయాలి," అంటూ పెన్ను కోసం బ్యాగంతా వెతకసాగింది.

ఆమె అవస్థ చూసి, డీకిన్ జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.