గాజు గోడకు అవతల జలకన్య

“డాక్టర్ రామచంద్రయ్యను ఈ సాయంత్రమే చంపబోతున్నారు” అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ శ్రవణ్ కుమార్.

జూరాల డ్యామ్ దగ్గర, చేపల వేపుడు అమ్మే బండ్ల పక్కన కారు ఆగి ఉంది. వెనక సీట్లో ఏజెంట్ ఇమ్మానుయేల్ ఫొటోగ్రాఫర్ వేషంలో కూర్చున్నాడు. మెడలో కెమెరా. తలపై నీలం టోపీ.

“ఎక్కడ సార్?”

“గద్వాలలో. మహానగరాల్లో తిరిగే పెద్ద అక్వేరియం ఇప్పుడు అక్కడ ఉంది. రామచంద్రయ్య సెలవు మీద సొంతూరు అమరచింత వచ్చాడు. భార్యను తీసుకుని చేపలు చూడటానికి వెళ్తున్నాడు. మన సబ్‌మెరైన్ చప్పుడు శత్రువుకు వినపడకుండా చేసే డిజైన్ ఆయనది. అది పూర్తి కాకూడదని ‘కోరల్’ అనే విదేశీ ముఠా ప్లాన్.”

“ఆయనను ఇంట్లోనే ఆపేస్తే?”

“ఇవాళ బతుకుతాడు. రేపు? హంతకుడు మనకు దొరకాలి.”

“కబురు ఎవరిచ్చారు?”

“పూజ.”

ఇమ్మానుయేల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పూజ డబుల్ ఏజెంట్. కోరల్ ముఠాలో ఉంటూ వాళ్ల రహస్యాలు డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తుంది. పోయినసారి ఆమె చెప్పిన చోటికి వెళ్లిన ఏజెంట్ నరేందర్ తిరిగి రాలేదు. అది పొరపాటో, ద్రోహమో ఇంతవరకూ తేలలేదు.

“ఎర్ర చొక్కా మనిషి, పిస్తోలు, టన్నెల్లో. ఇదే ఆమె మెసేజ్. నమ్మకు. అలాగని కొట్టిపారెయ్యకు” అన్నాడు చీఫ్.

అక్వేరియం కిటకిటలాడుతోంది. గాజు టన్నెల్లో నడిచేవాళ్ల తలల మీదుగా మనిషంత పొడవున్న అరాపైమా చేపలు మెల్లగా సాగిపోతున్నాయి. చాటలాంటి స్టింగ్‌రే చేప ఒకటి తెల్లటి పొట్టను అద్దానికి ఆనించి నవ్వుతున్నట్టు కనిపించింది. ఆ నవ్వు కూడా ఇమ్మానుయేల్‌కు అనుమానంగానే ఉంది.

పెద్ద ట్యాంకులో వెండి పొలుసుల తోకతో జలకన్య ఈదుతోంది. ఆ వేషంలో ఉన్నది పూజ! ఊపిరి కోసం పైకి వెళ్లి వస్తూ పిల్లలకు ముద్దులు విసురుతోంది.

రామచంద్రయ్య, ఆయన భార్య హన్మమ్మ టన్నెల్లోకి వచ్చారు. 

“గింత పెద్ద చేపనా! నిజందేనా ఇది, రబ్బరుదా?” అంది హన్మమ్మ.

“కన్నార్పకుంటే రబ్బరుదే అనుకో” అన్నాడు ఆయన.

చేప ఎలాగూ కన్నార్పదని ఆమెకు తట్టేలోపు ఆయన ముందుకు నడిచాడు.

వాళ్ల వెనకే ఎర్ర చొక్కా.

ఇమ్మానుయేల్ కెమెరా ఎత్తాడు. అది ఆయుధాల స్కానర్. తెర మీద ఆ మనిషి జేబులో ఇనుప ముద్ద ఎర్రగా మెరిసింది. ఒక్క అంగలో వెళ్లి, అతని చెయ్యి మెలితిప్పి గోడ వారకు లాగాడు.

“తియ్యి బయటికి!”

“బేరింగ్ సారూ! బోరు మోటరుది. కొత్తది కొందామని పాతది ఎంబడి తెచ్చిన. నా పేరు ఈరన్న. నేనేం జేసిన?” ఆ రైతు జేబులోది తీసి చూపించాడు.

నిజంగానే బేరింగ్. అంటే పూజ అబద్ధం చెప్పింది. నరేందర్‌ను పంపినట్టే తననూ తప్పుదారి పట్టించింది. తల తిప్పేసరికి ముసలి దంపతులు టన్నెల్లో లేరు.

గాజు అవతల పూజ సరిగ్గా అతని ఎదుటే ఆగింది. తోక ఎత్తి, పాదాలుండాల్సిన చోట వేలితో కొట్టి చూపింది. తర్వాత షాక్ కొట్టినట్టు ఒళ్లంతా గిలగిలా ఆడించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె కళ్లలో మాత్రం ఆట లేదు.

పాదాలు. కరెంటు.

ఇదీ వలేనా? ఆలోచించే వ్యవధి లేదు. ఇమ్మానుయేల్ పరుగెత్తాడు.

టన్నెల్ చివర ‘ఫిష్ స్పా’. తొట్టిలో కాళ్లు పెడితే చిన్న చేపలు పాదాలు గిల్లుతాయి. అక్వేరియం మేనేజర్ చరణ్ వంగి వంగి మర్యాద చేస్తున్నాడు. “మీ కోసమే ఖాళీ చేయించాం సార్. కూర్చోండి.”

“నేను పెట్టనమ్మా, కొరుకుతయ్” అని హన్మమ్మ దూరం జరిగింది. రామచంద్రయ్య ప్యాంటు మడిచి రెండు కాళ్లూ నీళ్లలో ముంచాడు.

చరణ్ కాళ్లకు రబ్బరు బూట్లున్నాయి. అతని చెయ్యి గోడ మీది స్విచ్ వైపు కదులుతోంది.

“పెద్దయ్యా!” ఇమ్మానుయేల్ వెనక నుంచి ఆయన చంకల కింద చేతులు వేసి అమాంతం వెనక్కి లాగాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. పాదాలు నీళ్లు దాటిన క్షణంలోనే స్విచ్ టక్కుమంది.

తొట్టిలో చేపలన్నీ ఒక్కసారి ఎగిరిపడి, పొట్టలు పైకి తేలాయి.

చరణ్ పారిపోబోయాడు. ఇమ్మానుయేల్ కెమెరా మీట నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మే ఫ్లాష్. చరణ్ గుడ్డిగా తడుముకుంటూ వెళ్లి స్తంభానికి గుద్దుకుని కూలబడ్డాడు. సంకెళ్లు పడ్డాయి.

“ఏమైతుంది నాయనా? గీ మనిషి ఎవడు?” హన్మమ్మ భర్త చేతిని వదలడం లేదు.

“ఏం గాలేదమ్మా. పరేషాన్ గాకుండ్రి. ఇంటిదాకా మావాళ్లు ఎంబడి వస్తరు.”

ఇమ్మానుయేల్ ట్యాంకు మెట్లెక్కాడు. పూజ అంచున కూర్చుని ఉంది. వెండి తోక ఇంకా నీళ్లలోనే.

“ఎర్ర చొక్కా ఏంది?” అన్నాడు.

“చరణ్ కోరల్ మనిషే. వానికి నా మీద డౌటొచ్చింది. నన్ను పరీక్షించనీకె తప్పుడు కబురు చెవుల వేసిండు. అసలు సంగతి షో మొదలయ్యేటప్పుడు విన్న. ఫోన్ గుంజుకున్నరు. ఇంకెట్ల జెప్పాలె?”

“నరేందర్ అప్పుడు?”

ఆమె తల వంచుకుంది. “అప్పుడు గూడ నన్ను గిట్లనే మోసం జేసిండ్రు. నమ్మితే నమ్ము.”

ఇమ్మానుయేల్ మెడలోని కెమెరా తీసి మెట్టు మీద పెట్టాడు.

“సగం నమ్ముత.”

“ఏ సగం? మనిషినా, చేపనా?”

“చేపను” అన్నాడు ఇమ్మానుయేల్. “ఇయ్యాల నిజం జెప్పింది అదే.”