మిస్డ్ కాల్ ఇచ్చే మోటారు

"ఎవరిదప్పా ఈ మోటారు? మనిషి లేకుండానే తిరుగుతాండాదే!"

చీనీ బత్తాయిల తోట గట్టున స్కూటీ ఆపి, చేతిలో కటింగ్ ప్లేయరు పట్టుకుని అరుస్తున్న ఆ పిల్ల పేరు ప్రసూన. కరెంటాఫీసుకు కొత్తగా వచ్చిన సబ్ ఇంజనీరు. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిందేమో, బండి కూతను మించి మాట్లాడటం చిన్నప్పటి నుంచీ అలవాటు.

చెట్టు కింద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుళ్లాయప్ప దాన్ని పక్కన పడేసి పరుగెత్తాడు.

"ఆగండి మేడం! వైరు కత్తిరించొద్దు. అది ఆటో స్టార్టర్ కాదు!"

కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే డబ్బాను ఆటో స్టార్టర్ అంటారు. రైతుకు అది ప్రాణం, కరెంటాఫీసుకు శని. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే పాపం దాని గుండె పగలదా మరి?

ప్రసూన డబ్బా తలుపు తెరిచింది. లోపల రబ్బరు బ్యాండుతో కట్టిన పాత సెల్‌ఫోను, దాని చుట్టూ వైర్లు.

"ఇదేంది, మోటారుకు ఫోను కొనిచ్చినావా?"

"కరెంటు వస్తే ఈ ఫోను ముందు మూడు ఫేజులూ సరిగా ఉండాయా అని చూస్తాది మేడం. రొంత సేపు ఆగి, మోటారు ఆన్ చేస్తాది. చేసి నాకు మిస్డ్ కాల్ ఇస్తాది. ప్రోగ్రాము నేనే రాసినా."

"ఆ కాల్ నువ్వు ఎత్తుతావా?"

"ఎత్తితే దుడ్లు పోవా? అది మోగి ఆగిపోతే నీళ్లు పారుతాండాయని అర్థం."

ప్రసూనకు నవ్వొచ్చింది. ఆఫీసరు కాబట్టి మింగేసింది.

"ఏం చేస్తాంటావప్పా నువ్వు?"

"బెంగుళూర్లో సాఫ్ట్‌వేరు. లీవులో వచ్చినా."

లీవు మాట వాళ్లమ్మ ఆంజినమ్మ ఊరందరికీ చెప్పిందే. 2009లో అట్లాంటి లీవుల మీద వచ్చిన పిల్లలు ఊరూరా ఉండిరి. కంపెనీ పొమ్మందని అందరికీ తెలుసు. మర్యాద తెలిసిన ఊరు కాబట్టి ఎవరూ అడగలేదు.

"సరే, పరీక్షకని దీన్నొక్కదాన్ని ఉండనిస్తా. ఇంకొక మోటారుకు పెట్టినావంటే చూడు!"

"పెట్టను మేడం."

అది మొదలు ఆ స్కూటీ ఏదో ఒక సాకుతో ఆ గట్టున ఆగుతూనే ఉండేది. ఒకసారి మీటరు, ఒకసారి తీగల కింద చెట్టు కొమ్మ. వచ్చినప్పుడల్లా వాదనే.

"మీ సాఫ్ట్‌వేరోళ్లకు ఏ రోగానికైనా ఒకటే మందు గదా, ఆపి మళ్లీ ఆన్ చేసేది? మా లైన్‌మన్ సోమప్పన్న ఏ బెంగుళూరూ పోకుండానే ఆ వైద్యం చేస్తాడు."

"బాగా నడిచేదాన్ని తాకొద్దు, అది మా మొదటి సూత్రం మేడం."

"మేము నడిచేదాన్నే విప్పి చూస్తాం. మీ పనిలో తప్పు జరిగితే స్క్రీను ఆగిపోతాది. మా పనిలో తప్పు జరిగితే మనిషి పోతాడు."

అనేసి స్కూటీ ఎక్కింది. ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా దుమ్ము అణిగేదాకా కుళ్లాయప్ప అటే చూశాడు. ఆ దుమ్ములో ఏం కనిపించిందో వాడికే తెలియాలి.

ఆ ఏడు వాన రాలేదు. మబ్బు రోజూ వచ్చేది, పెళ్లిచూపులకు వచ్చి కాఫీ తాగి కబురు పెట్టని వాళ్లలాగా పడమరగా పోయేది. కణేకల్ పక్క కాలువ ఉంది, ఇటు పక్కకు బోర్లే దిక్కు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రైతులు బోరు దగ్గరే కూర్చుని కళ్లు కాయలు చేసుకునేవారు.

"మీ మోటారొకటేనా మోటారు? మావి కావా?" అన్నాడు పక్క చేని ఈరప్ప. మరో రైతు పుల్లన్న అయితే ఏకంగా తన ఫోను తెచ్చి కుళ్లాయప్ప చేతిలో పెట్టాడు. "పెట్టు నాయనా, నీకు పుణ్యముంటాది."

వద్దన్న ప్రసూన మాట గుర్తుకు రాక కాదు. బెంగుళూరు పనికిరావన్న చేతులను ఊరు కావాలంటోంది. కాదనడానికి మనసొప్పలేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నిటికీ ఫోన్లు బిగించాడు. ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఫోన్లన్నీ ఫేజులు చూసుకున్నాయి. అన్నీ ఒకే ప్రోగ్రాము పిల్లలే గదా, అన్నీ ఒకే సేపు ఆగాయి. ఒకే క్షణాన మోటార్లన్నీ లేచాయి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మని చప్పుడు. కొండ దాకా నల్లటి పొగ.

ప్రసూన వచ్చి ఒక్కొక్క డబ్బా తెరిచి చూసుకుంటూ పోయింది. చివరి డబ్బా మూసి అతని ముందు నిలబడింది. ఈసారి గొంతు పెద్దది చేయలేదు. దానికే భయం వేసింది అతనికి.

"మా తోటలో బాగానే నడిచింది మేడం..."

"నీ తోటలో నడిచిందని ఊరంతా పెడితివా? గుంతకల్లు జంక్షన్లో అన్ని బండ్లకూ ఒకేసారి పచ్చజెండా ఊపితే ఏమవుతాదప్పా? కొన్ని బండ్లు ఊరి బయట ఔటర్ సిగ్నల్ కాడ ఆగాల. నన్ను ఒక్క మాట అడిగింటే చెప్తాంటి."

"వద్దంటారని మేడం..."

"వద్దంటానని తెలిసే పెట్టినావు. అది చాల్లే."

పరీక్షకని మొదటి డబ్బాను వదిలింది తనే కాబట్టి మెమో ప్రసూనకే వచ్చింది. ఊళ్లు తిరిగే పని తీసేసి, సబ్‌స్టేషన్లో స్విచ్చులు వేసే షిఫ్టులో కూర్చోబెట్టారు. కుళ్లాయప్ప ఆఫీసుకు వెళ్లి తప్పంతా నాదేనని మొత్తుకున్నాడు.

"ఇచ్చిన మెమో వెనక్కి రాదప్పా," అన్నాడు పెద్ద ఇంజనీరు. "నువ్వు చేసిందానికి ఆ పాప పడాల్సిందే."

సబ్‌స్టేషన్ గేటు దగ్గర కనిపిస్తే ప్రసూన అతన్ని చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆఫీసు చుట్టూ ఎన్ని సార్లు తిరిగితేనో ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. దానికి సగం మోటార్లకే ఓపిక. కుళ్లాయప్ప ప్రోగ్రాము మార్చాడు. సగం మోటార్లు ముందు తిరగాలి, అవి ఆగాక తక్కినవి. అంతవరకు సులువే. మరి వెనక ఉండేదెవరు? రెండో వంతు వచ్చేసరికి కరెంటు ఉంటుందో లేదో!

"నా చేను ఇప్పటికే ఎండుతాండాది, నేను ఆగను," అన్నాడు ఈరప్ప.

"నేను మాత్రం యాడికి పోవల్ల?" అన్నాడు పుల్లన్న.

అప్పటిదాకా బీడీ తాగుతూ కూర్చున్న కుళ్లాయప్ప తండ్రి ఎర్రిస్వామి లేచాడు.

"మాది చివరికి పెట్టండప్పా. మా పిల్లోడు చేసిన తప్పు మా చెట్లే మోయనీ."

ఆ మాట విన్నాక కొందరు తలలు దించుకుని మేమూ వెనకే ఉంటామన్నారు. వంతులు కుదిరాయి. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలలేదు.

ఎర్రిస్వామి చెట్లు మాత్రం మిగల్లేదు. తమ వంతు వచ్చేలోపు కరెంటు పోయేది. ఉన్న రోజు బోరు నీళ్లకు బదులు గాలి కక్కేది. ముందు ఆకు ముడుచుకుంది, తర్వాత పిందె రాలింది, ఆ తర్వాత కొమ్మ విరిస్తే పుల్లలా విరిగింది. బిడ్డల్లా పెంచిన చీనీ చెట్లను ఎర్రిస్వామి తన చేత్తోనే నరికి, కట్టెలు దొడ్లో పేర్చాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాడికి కాస్త తేలికయ్యేదేమో.

కుళ్లాయప్ప మాట్లాడటం మానేశాడు.

ఒక సాయంత్రం మొద్దుల మధ్య స్కూటీ ఆగింది.

"ఎండిన బోర్లకు కనెక్షన్ తీసేయమన్నారు. మనుషులు చాలక నన్ను పంపినారు," అంది ప్రసూన, మొద్దుల వైపు చూడకుండా. డబ్బా తెరిచి ఆగిపోయింది. లోపల ఫోను వెలుగుతోంది.

"మోటారు పైకి తీసినారు గదా. ఈ ఫోను ఇంకా దేనికి?"

"కరెంటు వస్తే మిస్డ్ కాల్ ఇస్తాది."

"ఇస్తే? నీళ్లే లేకపోయ."

కుళ్లాయప్ప కాలితో మట్టి గీరాడు.

"ఆడ స్విచ్ వేసేది నువ్వే గదా."

మొదటిసారి 'మేడం' రాలేదు. ప్రసూన చేతిలోని ప్లేయరును తెరిచి మూసింది.

"నేను డ్యూటీలో లేని పొద్దు?"

"నీ షిఫ్టు నాకు తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"సోమప్పన్న."

"ఆయన పని చెప్తా నేను!" ఆ వెంటనే గొంతు తగ్గింది. "నాకింకా కోపం పోలేదు కుళ్లాయప్పా."

"ఉండనీ."

టక్కున వైరు కత్తిరించింది. రబ్బరు బ్యాండు విప్పి ఫోను సంచిలో వేసుకుంది. "రూలు రూలే," అంటూ స్కూటీ ఎక్కింది. ఉన్న ఆ ఒక్క దారమూ తెగిందనుకున్నాడు పిల్లవాడు. ఆ పూట అన్నం కలుపుకుని అట్లాగే లేచాడు.

మర్నాడు పొద్దున కరెంటు వచ్చే వేళకు అతని ఫోను మోగింది. తెర మీద 'తోట' అని పేరు.

కుళ్లాయప్ప అలవాటుగా చూస్తూ కూర్చున్నాడు, ఆగిపోతుందని. ఆగలేదు. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది.

"ఎవర్రా అది? ఎత్తగూడదా!" అంది లోపల్నుంచి ఆంజినమ్మ.

ఎత్తాడు.

"ఎత్తేకి ఇంత సేపా?" అంది ప్రసూన. వెనక సబ్‌స్టేషన్ గుయ్యిమంటోంది. "ఇప్పుడే కరెంటు ఇచ్చినా. ఆ మాట చెబ్దామని."

"ఈ నంబరు ఎప్పుడూ ఎత్తలేదు గదా... అందుకని..."

"ఇకమీద ఎత్తు. కోపం అంత బిరీన పోదు, చెప్తాండా. ఆగుతావా?"

"ఆగుతా. మాది చివరి వంతే గదా."

అవతల చిన్న నవ్వు. మింగేసిన నవ్వు కాదు ఈసారి. కుళ్లాయప్ప ఫోను చెవికి అదిమిపెట్టుకుని దొడ్లో కట్టెల మీద కూలబడ్డాడు.

గొడ్డలి నూరుకుంటున్న ఎర్రిస్వామి తలెత్తాడు.

"ఎవరంట?"

"కరెంటాఫీసు, నాయనా."

"కరెంటోళ్లతో అంత సేపు మాట్లాడేది ఏముండాదే?"

"మాట్లాడనీలే," అంది ఆంజినమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "వాని నోట్లో మాట విని ఎన్ని దినాలాయనో."