బొటనవేలు ఆగే చోటు

ముందు మొహమంతా తిమ్మిరి మందు పట్టించి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అతికించి, బయట హాల్లో కూర్చోబెడతారు. ముప్పావుగంట కదలకుండా కూర్చుంటే బుగ్గలు మనవి కానట్టు మొద్దుబారిపోతాయి. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి కాస్త అవతల, మందుల షాపు మీద మేడలో ఉంటుంది ఆ స్కిన్ క్లినిక్. నేనూ తులసీ మొదటిసారి కలుసుకున్నది అక్కడే, అలా తెల్లటి మొహాలతోనే.

"మీగడ గిన్నెలకి మూతలెట్టినట్టున్నామక్కా," అంది పక్క కుర్చీలోంచి, పెదాలు కదలకుండా. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కాగితం ఊడిపోతుందని సిస్టర్ కసిరింది.

తులసిది పాతపట్నం. పుట్టిన ఏడాదికే తల్లి పోతే పిన్ని దగ్గర పెరిగింది. ఇక్కడ లేడీస్ హాస్టల్లో ఉంటూ ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తోంది. నాకున్నన్ని మొటిమల గుంతలు దానికి లేవు. కానీ ఎడమ దవడ మీద, సరిగ్గా నాకున్న చోటే, ఒక లోతైన గుంత దానికీ ఉంది.

నా సంగతికొస్తే, నేను బంగారం షాపులో సేల్స్‌గర్ల్‌ని. పేరు దేవి. కస్టమర్లు నగ మెడలో పెట్టి చూపించమంటే మా మేనేజర్ నన్ను దాటి పక్క కౌంటర్ యమునని పిలుస్తాడు. ఆయన చెడ్డవాడేం కాదు, నా వైపు చూడకుండా పిలుస్తాడు, అంతే. నా మెడకేం లోటు లేదు. దాని పైన ఉన్నదానితోనే చిక్కు. ఇంటర్‌లో మొదలైన మొటిమలు గిల్లీ గిల్లీ బుగ్గల నిండా గుంతలు చేసుకున్నాను. ఎవరైనా నాతో మాట్లాడితే ముందు కళ్ళు చూస్తారు, తర్వాత బుగ్గలు చూస్తారు, ఆ తర్వాత గోడనో గడియారాన్నో చూస్తారు.

ఆ మొహాన్ని ఇష్టపడ్డది మా అమ్మ ఒక్కతే.

మాది పూసపాటిరేగ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. మా అమ్మ అసిరమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. సుగర్ వచ్చి ముందు కాళ్ళలో సత్తువ, తర్వాత చూపు పోయాయి. చివరి రెండేళ్ళూ నులక మంచం మీద కూర్చుని మనుషుల్ని చేత్తో పోల్చుకునేది. వీధిలో పిల్లలు ఆట పట్టించడానికి నా పేరు చెప్పి మొహం ముందుకి పెట్టేవాళ్ళు. అమ్మ ఒక్కసారి తడిమి, "నువ్వు నా దేవివి కాదే, పో," అని తోసేసేది. నేను వెళ్తే మాత్రం రెండు చేతులతో బుగ్గలు పట్టుకునేది. కుడి బొటనవేలు నా ఎడమ బుగ్గ మీదుగా కిందకి జారి దవడ మీది గుంతలో కుదురుగా కూర్చునేది. "ఆ, వచ్చినావా," అనేది అప్పుడు. ఆ వేళ్ళకి ఎండుచేపల వాసన ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు.

ఆషాఢంలో పోయింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ మొహానికి వైద్యం చేయించుకోవాలని నాకు తోచనేలేదు. పోయాక ఒకరోజు అద్దంలో చూసుకుంటే, ఇంక దీన్ని ఇష్టపడేవాళ్ళు లోకంలో ఎవరున్నారు అనిపించింది. ఆ మర్నాడే క్లినిక్‌కి వెళ్ళాను.

లేజర్ గదిలో పడుకోబెట్టి కళ్ళ మీద చిన్న ఇనుప మూతలు పెడతారు. వాటి మీద దూది, దాని మీద గుడ్డ. పట్టపగలే కటిక చీకటి. చల్లగాలి గొట్టం హోరు, మిషను టక్ టక్ మంటూ దిగుతున్న చప్పుడు, జుట్టు కాలిన వాసన. డాక్టరమ్మ నా బుగ్గని సాగదీస్తోందని తెలుస్తుంది గానీ స్పర్శ ఉండదు. ఎవరి మొహానికో చేస్తున్నట్టు ఉంటుంది.

ఆ మొద్దుబారిన మొహం మీద... ఒక చెయ్యి తెలిసింది.

కణత దగ్గర మొదలైంది. గరుకు వేళ్ళు. తొందర లేదు వాటికి. బుగ్గ మీదకొచ్చాయి. గుంతా గుంతా దాటుకుంటూ దిగాయి. బొటనవేలు దవడ మీదకి వచ్చి, ఆగింది. కుదురుగా కూర్చుంది.

ఎండుచేపల వాసన.

నాకు భయం వెయ్యలేదు. కళ్ళ మూతల కింద నీళ్ళు నిండిపోయి చెవుల్లోకి కారాయి. "నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ. లేదని చెయ్యి ఊపాను. లేచాక సిస్టర్‌ని అడిగాను, నా మొహం మీద ఎవరైనా చెయ్యి వేశారా అని. "లేజర్ పడుతుంటే ఎవరు వేస్తారమ్మా, కాలిపోదూ," అంది.

ఒక్క తులసికే చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"నీకు అదురుట్టం ఉన్నాదక్కా," అంది మెల్లగా. "నా మొకం ఎవులూ అలాగ ముట్టుకోనేదు."

రెండోసారి ఎప్పుడెప్పుడా అని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే అందం మీద ఆశ అప్పటికే పోయింది. ఆ చీకట్లోకి వెళ్తే అమ్మ వస్తుంది, అదొక్కటే ఆశ. రెండోసారీ వచ్చింది. కాకపోతే వేళ్ళు కాస్త ఎక్కువసేపు వెతికాయి. దవడ దగ్గర బొటనవేలు ఒకసారి జారి, మళ్ళీ పైకి వెళ్ళి, అప్పుడు ఆగింది. మూడోసారి ఇంకా ఎక్కువసేపు వెతికాయి. ఆగాయో లేదో నాకు గట్టిగా తెలియలేదు. "చాలా బాగా పూడుకుంటున్నాయి, మీ చర్మం మంచిది," అని డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. తులసి ఆ రెండుసార్లూ రాలేదు, జ్వరమని ఫోన్ చేసింది.

షాపులో మేనేజర్ మొదటిసారి నా మెడలో కాసుల పేరు పెట్టించి కస్టమర్లకి చూపించాడు. ఆ ఆదివారం మా ఊరు వెళ్ళాను.

వాకిట్లో దిగగానే గోడల మసి చూసి చిరాకేసింది. సున్నం వేసి ఎన్నాళ్ళయిందో. గడప కూడా ఒక పక్క చీకిపోయి ఉంది. మా అన్న నాగబాబుని అడిగాను.

"ఏడాది తిరక్కుండా ఎలాగేస్తారే ఎవులైనా," అన్నాడు వాడు వల సర్దుకుంటూ. "గోడకి సున్నం ఎయ్యకూడదు, గడప మార్సకూడదు, మంచం తియ్యకూడదు. అమ్మొస్తే ఇల్లు పోల్సుకోవద్దేటి? ఒసే, నీకు ఈమాత్రం తెలవదా?"

అని తలెత్తి నా మొహం చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"ఏటే, నీ మొకమే కొత్తగున్నాది," అన్నాడు. మళ్ళీ వల అందుకున్నాడు. గోడల గురించి ఆలోచించిన పెద్దవాళ్ళు మొహాల గురించి ఆలోచించలేదు. మొహం మార్చుకునే వీలుంటుందని వాళ్ళకేం తెలుసు.

సాయంత్రానికి మబ్బు కమ్మేసింది. పడవ పైకి లాగాలని అన్న ఒడ్డుకి వెళ్ళాడు. కరెంటు పోయింది. నేను అమ్మ మంచం మీద కూర్చున్నాను. సన్నగా జల్లు మొదలైంది. తాటాకుల మీద చినుకుల చప్పుడు. దాని వెనక సముద్రం. లోపల చీకటి చిక్కబడి, తలుపు ఉన్న చోటు కూడా కనబడ్డం మానేసింది. ఎండుచేపల వాసన వచ్చింది. మా ఊళ్ళో అదేం వింత కాదు. కానీ అది దగ్గరికొచ్చింది.

మంచం నులక కిర్రుమంది.

నా పక్కన... బరువు.

వేళ్ళు నా మొహం మీద పడ్డాయి. ఈసారి తిమ్మిరి మందు లేదు. చల్లగా, తడిగా ఉన్నాయి. కణత. బుగ్గ. దవడ. బొటనవేలు జారిపోయింది. మళ్ళీ పైకి వెళ్ళింది. మళ్ళీ జారింది. ఆగడానికి దానికి చోటు లేదు.

"ఎవులమ్మా నువ్వు?"

అమ్మ గొంతే. అలసిపోయిన గొంతు.

"నానేనమ్మా. దేవిని."

"ఏటో అంటన్నావు. ఇనపడ్డం నేదు తల్లీ. ఒకటే హోరు."

ఆ చెయ్యి పట్టుకున్నాను. పడవ మోకులా నాని ఉంది. తీసుకొచ్చి నా బుగ్గకి గట్టిగా అదుముకున్నాను. "నానేనమ్మా, సూడు, నానే," అని ఆ చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టి చెప్పాను. చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. పరాయి పిల్ల దగ్గర మొహమాటపడినట్టు విడిపించుకుంది.

"మా దేవి బుగ్గకి నా ఏలు ఆగుతాది," అంది. "తప్పు ఇంటికొచ్చీసినట్టున్నాను. ఏటనుకోకమ్మా."

నులక మళ్ళీ కిర్రుమంది. బరువు లేచిపోయింది.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిందేమో, పోల్చుకోకపోవడమే మంచిదయిందేమో అని తర్వాత ఎవరైనా అనొచ్చు. నాకు అలా అనిపించలేదు. నా తల్లి నన్ను క్షమాపణ అడిగి, వానలోకి, చూపు లేకుండా వెళ్ళిపోయింది. అన్న టార్చిలైటుతో వచ్చేసరికి నేను గోళ్ళతో దవడ గీరుకుంటూ కూర్చున్నాను. రక్తం మెడ దాకా కారింది. గుంత పడితే చాలనుకున్నాను. కానీ డాక్టరమ్మ ఇచ్చిన క్రీములు మంచివి. వారం తిరక్కుండానే మచ్చైనా లేకుండా మానిపోయింది.

తర్వాతి విడతకి క్లినిక్‌కి వెళ్ళాను. వైద్యానికి కాదు, ఆ చీకటి కోసం. కళ్ళ మీద మూతలు పెట్టుకుని పడుకున్నాను. మిషను చప్పుడు ఉంది, కాలిన వాసన ఉంది. చెయ్యి రాలేదు.

బయటికొచ్చేసరికి హాల్లో తులసి కూర్చుని ఉంది. మొహానికి మందు లేదు. ఇంక వైద్యం వద్దని చెప్పడానికి వచ్చిందట. చిక్కిపోయింది గానీ కళ్ళు మెరుస్తున్నాయి. నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గుసగుసగా చెప్పింది.

"అక్కా, మీయమ్మ నాకాడికి వస్తన్నాది."

నేను రెయిలింగ్ పట్టుకున్నాను.

"వానలో తడిసిపోయి వచ్చినాది మొదటిరోజు. నా మొకం అంతా తడిమి, ఇదిగో ఇక్కడ ఏలు పెట్టి, 'ఓలమ్మ, ఎక్కడికెల్లిపోనావే దేవీ' అని ఏడిసినాది. నాను కాదని సెప్పినానక్కా. ఆవిడికి ఇనపడదు." నా కళ్ళలోకి చూసింది. "ఇప్పుడు ఊ అంటన్నాను."

"అలా అనకే," అన్నాను. "నువ్వు తులసివి."

"నాకు తెల్సు. గాని తులసీ అని అలాగ పిలిసినోలు ఎవులూ నేరు గదక్కా." చెంప మీద చెయ్యి పెట్టుకుని అంది, "ఇంటికెల్లిపోదాం రా అంటాది రోజూ."

వెళ్ళొద్దని చెప్పాను. ఒట్టు వేయించుకున్నాను. నా మాటల్లో దాని క్షేమం ఎంతో, నా అసూయ ఎంతో ఇప్పటికీ విడదీయలేను. నా అమ్మని నాకు ఇచ్చెయ్యమని మాత్రం అడగలేకపోయాను. అడిగితే అది ఇవ్వగలదా.

మూడు రోజులుగా తులసి ఫోన్ ఎత్తకపోతే షాపుకి సెలవు పెట్టి హాస్టల్‌కి వెళ్ళాను. వార్డెన్ లక్ష్మణమ్మ గారు గేటు దగ్గరే చెప్పారు.

"తులసా? పొద్దున్నే గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందమ్మా. వాళ్ళమ్మ వచ్చింది. పాపం చూపు లేని మనిషి. ఈ పిల్లే చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది."

"తులసికి అమ్మ లేదండీ."

"అదేంటమ్మా. ఆ పిల్లే చెప్పింది మా అమ్మ అని. ఎంత మురిసిపోయిందో. ఆవిడ ఈ పిల్ల బుగ్గ మీంచి చెయ్యి తీస్తే ఒట్టు."

రోడ్డు మీదకొచ్చి నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. ఎండలో తిరగొద్దని డాక్టరమ్మ చెప్పిన మొహం మీద ఎండ సూటిగా పడుతోంది. అన్నకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక సముద్రం హోరు, పళ్ళెం మీద గరిట తగిలిన చప్పుడు.

"అన్నా, నానే," అన్నాను. "మనింటికి ఎవులైనా వచ్చినారా?"

"ఎవులు మాట్లాడతన్నారు?"

"నాను. దేవిని."

అటు లోపలెక్కడో ఒక ఆడపిల్ల సన్నగా నవ్వింది. పుట్టిన దగ్గర్నించి నన్ను ఒసే అని తప్ప పిలవని మా నాగబాబు, చాలా మర్యాదగా అన్నాడు.

"దేవి ఇక్కడే ఉన్నాది గదండీ. ఇప్పుడే వచ్చినాది. అమ్మ మంచం మీద కూకోని అన్నం తింటన్నాది. మీరు ఏ నంబరుకి సేసినారండీ?"