నాలుగున్నర అంగుళాల తప్పు

"బండి సీట్లు ఎవరు పీకారు?"

షెడ్డు గుమ్మంలో నిలబడి అరుస్తున్న అమ్మాయిని చూసి, సూది గబగబా నోట్లోని సూది తీసి కాలరుకు గుచ్చుకున్నాడు. సూది అతని అసలు పేరు కాదు. బండ్ల సీట్లు కుట్టే ఆ కుర్రాడి ఒంటిమీద ఎప్పుడూ ఎక్కడో ఒక సూది ఉంటుంది కాబట్టి వీధి వీధంతా అలాగే పిలుస్తుంది.

"నేనేనండీ. పాతవి పీకకుండా కొత్తవి ఎక్కడ పెట్టను?"

"సీట్లేనా? తలుపుల అట్టలు లేవు, పైన గుడ్డ లేదు. కింద చూస్తే నేల కనిపిస్తోంది!"

"అది మాత్రం నా పని కాదండీ, తుప్పు తినేసింది."

"మా నాన్న చూస్తే గుండె ఆగి పడిపోతారు, తెలుసా?"

"ఆయన దగ్గరుండే పీకించారండీ. చివరి బోల్టు స్వయంగా ఆయనే విప్పి జేబులో వేసుకెళ్ళారు."

అమ్మాయి అరవడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని షెడ్డంతా ఒకసారి చూసింది. ఏమీ దొరక్క అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆవిడ పశువుల డాక్టరు. తండ్రి రిటైరైన సర్వేయరు. ఆ పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులో ముప్ఫయ్యేళ్ళు కొండలూ గుట్టలూ ఎక్కి భూములు కొలిచిన మనిషి. ఇప్పుడు కళ్ళ ఆపరేషన్ అయింది, నలభై రోజులు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. ఈలోగా బండి లోపలి భాగమంతా కొత్తగా చేయించుకుందామని తెచ్చి సూది చేతుల్లో పెట్టాడు. దానితోపాటు ఒక కాగితం కూడా ఇచ్చాడు. అందులో తన కాళ్ళ పొడవు, వీపు ఎత్తు, మోచేయి ఎక్కడ ఆనాలో, అన్నీ అంగుళాల లెక్కన రాసి కింద సంతకం పెట్టాడు. సూది దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"సీటు నాకు అతికినట్టు కుదిరిందా, బండి నాతోనే ఉంటుంది. కుదరలేదా, కొంటానని ఒకాయన కాచుక్కూర్చున్నాడు, ఇచ్చేస్తాను" అని మరీ చెప్పి వెళ్ళాడు.

సూది నోట ఆ మాట వినగానే డాక్టరమ్మ మొహం వాడిపోయింది.

"నాకిమ్మని రెండేళ్ళుగా అడుగుతున్నానండీ. మందుల పెట్టె స్కూటర్ మీద పెట్టుకుని కొండమీది పశువుల దగ్గరికి వెళ్తున్నాను. బురదలో మూడుసార్లు పడ్డాను. ఒకసారైతే ట్రీట్‌మెంట్ చేయించుకోవాల్సిన గేదే వచ్చి నన్ను వాసన చూసి పోయింది."

"మరి మీకెందుకివ్వరు?"

"క్లచ్ అందదంటారు. నిజమే, అందదు. ఆయన ఆరడుగుల రెండంగుళాలు, నేను అయిదడుగులు. ఆ సీటేమో జరగదు, దించిన చోటే బోల్టులు బిగించేస్తారు." లేచి చున్నీ దులుపుకుంది. "సరే, పని ఎలా జరుగుతోందో రోజూ చూసి రమ్మన్నారు నాన్న. రేపొస్తాను."

రోజూనా! సూదికి చిరాకు వేసింది. ఆ చిరాకు సరిగ్గా రెండు రోజులు ఉంది.

మూడోరోజు వాన కుండపోతగా పడింది. రేకుల షెడ్డు మీద ఆ మోతకి ఎదురుగా ఉన్న మనిషి మాట కూడా వినపడదు. ఇవాళ రాదులే అనుకుని సూది నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఎందుకొచ్చిందో అతనికే అర్థం కాలేదు. అంతలో నిలువునా తడిసిన డాక్టరమ్మ లోపలికి వచ్చి, సీటు తొడుగు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఈ కుట్టేంటండీ ఇంత దూరం దూరంగా ఉంది? నేను ఆవు పొట్టకి ఇంతకన్నా దగ్గరగా వేస్తాను!"

"మీరు కుట్టే తోలుకి ప్రాణం ఉంది, అదే అతుక్కుంటుంది. నాది నేనే అతికించుకోవాలి."

"పైగా మీ పేషెంటు తన్నదు."

"స్ప్రింగు తన్నుతుందండీ! చూడండి." బొటనవేలి కట్టు చూపించాడు.

ఆవిడ కట్టు విప్పి చూసి, వంక పెట్టి, తన సంచిలోని మందు రాసి మళ్ళీ కట్టింది. దూడలకి వేసే మందని తర్వాత చెప్పింది. సూది ఆ కట్టు వారం రోజులు విప్పలేదు.

నెల తిరిగేసరికి బండి అడుగున కొత్త రేకు వేయించి, సీటు పెట్టెను తాత్కాలికంగా క్లాంపులతో నిలబెట్టాడు. ఫోమ్ ఎంత కుంగుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి. రోజూ సాయంత్రం డాక్టరమ్మ కూర్చునేది. కాళ్ళు రెండూ గాల్లో వేలాడేవి.

"అందుతోందా?" అనేవాడు సూది, మర్యాదకి.

"ఊహూ."

పాపం, అలా వేలాడుతుంటే చూడ్డానికి బాగోలేదని అరంగుళం ముందుకు జరిపేవాడు. పరీక్షే కదా, మళ్ళీ వెనక్కి జరుపుదాంలే అనుకునేవాడు. మర్నాడు మళ్ళీ అరంగుళం. వీపు ఆనడం లేదంటే వెనక కాస్త ఫోమ్ దట్టించేవాడు. గోడమీది కాగితం వైపు తలెత్తి చూస్తే ఒట్టు. తలెత్తితే సీట్లో మనిషి కనిపిస్తుంటే కాగితం ఎవరు చూస్తారు?

నలభయ్యో రోజుకి ముందు సాయంత్రం, ఇద్దరూ కొత్తదైన బండి పక్కన వాడిన మొహాలు వేసుకుని నిలబడ్డారు.

"రేపటితో అయిపోతుంది కదా" అంది ఆవిడ.

చెప్పాల్సింది చాలా ఉంది. రేపట్నించి ఈ షెడ్డులో సాయంత్రాలు ఎలా గడుస్తాయో సూదికి ఊహకి కూడా అందలేదు.

"అవునండీ. బోల్టులు బాగా బిగించాను" అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయాన్నే సర్వేయరు గారు నల్లకళ్ళద్దాలతో, జేబులో టేపుతో దిగాడు. వెనకాలే కూతురు. పైకప్పు గుడ్డ నిమిరి చూశాడు, ఒక్క ముడత లేదు. తలుపు వేశాడు, కిర్రుమనలేదు. డ్యాష్‌బోర్డు మీద పాత పగులు కోసం వేలితో వెతికాడు, దొరకలేదు.

"పనిమంతుడివోయ్!" అన్నాడు. సూది ఉబ్బిపోయాడు.

ఆయన డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. ఒక కాలు వెళ్ళింది. రెండోది స్టీరింగ్ కింద ఇరుక్కుంది. అయినా పట్టుదలగా కూర్చున్నాడు. పొట్ట పోయి హారన్ మీద పడింది.

బండి వీధి దద్దరిల్లేలా అరిచింది. టీకొట్టులో వాళ్ళు గ్లాసులతో సహా పరుగెత్తుకొచ్చారు.

"దింపండి నన్ను!" అని ఆయన, "పొట్ట లోపలికి లాగండి నాన్నా!" అని ఆవిడ, వాళ్ళిద్దరినీ మించి హారన్. సూది ఆయన చంకల్లో చేతులు వేసి లాగితే, బాటిల్ మూత ఊడినట్టు ఊడి వచ్చాడాయన. నల్లకళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి.

జేబులోంచి టేపు తీశాడు. సీటుకీ స్టీరింగుకీ మధ్య పెట్టాడు, రెండోసారి పెట్టాడు.

"నాలుగున్నర అంగుళాలు తక్కువ. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇంత తప్పు చూళ్ళేదు నేను. నా కొలతలు ఏమయ్యాయి?"

"గోడమీద ఉన్నాయి సార్."

"గోడమీద ఉన్నాయి, సరే. బండిలో ఉన్నవి ఎవరివి?"

సూది చూపు తనకు తెలియకుండానే డాక్టరమ్మ మీదకు పోయింది. ఆయన చూపూ అటే వెళ్ళింది. టీకొట్టు వాళ్ళవీ అటే.

"ఓహో! నువ్వు చేయించావన్నమాట. క్లచ్ అందేలా సీటు జరిపించి, బండి కొట్టేద్దామని! ఇంత కుట్రా?"

"నాన్నా, నేను కాదు..."

"నేనింకేం మాట్లాడను. బండి ఇవాళే ఇచ్చేస్తాను, కొంటానన్న ఆయనకి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసేసరికి సూదికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఆవిడ అడగలేదు సార్. ఒట్టు. ఆవిడ కాళ్ళు గాల్లో వేలాడుతుంటే చూడలేక రోజుకింత జరిపాను. వెనక్కి జరపాలన్న సంగతే మర్చిపోయాను. అసలు ఈ నలభై రోజుల్లో మీరు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు నాకు. మీ అమ్మాయంటే నాకు ఇష్టం సార్. తప్పు పూర్తిగా నాది. సీటు విప్పి మీ కొలతకే బిగిస్తాను. బండి మాత్రం అమ్మొద్దు, ఆవిడ బురదలో పడుతున్నారు."

సర్వేయరు గారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"రోజూ జరిపావా? అమ్మాయి ఆదివారాలు కదా వచ్చేది?"

"లేదు సార్, రోజూ వచ్చేవారు. మీరే పంపారట కదా?"

"నేనా? ఆదివారం ఆదివారం ఒకసారి తొంగి చూసి రా అన్నాను!"

ఇప్పుడు అందరూ మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగారు. ఆవిడ మొహం కొత్త సీటు తోలు కంటే ఎర్రగా ఉంది.

"రోజూ రావాలనిపించింది, వచ్చాను" అంది నేల చూపులు చూస్తూ. వెంటనే సూది మీద విరుచుకుపడింది. "నిన్న సాయంత్రం ఇదే మాట చెప్తావని ఎంతసేపు నిలబడ్డాను! బోల్టులు బిగించాడట బోల్టులు!"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆవిడ గమనించలేదు. సూది మాత్రం గమనించాడు. అతని మొహం చేటంతయింది.

సర్వేయరు గారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కు అమ్మాయ్."

ఆవిడ ఎక్కి కూర్చుంది. వీపు సీటుకు ఆనింది, కాలు క్లచ్‌ని అడుగంటా నొక్కింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఆయన కాసేపు కూతురి పాదాలనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అటువైపు వెళ్ళి, పక్క సీట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ హాయిగానే ఉందే" అన్నాడు కాస్త ఆశ్చర్యంగా. కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏమోయ్, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు?"

"అమ్మ ఉంది సార్."

"వెనకెక్కు. ఆవిడతో మాట్లాడాలి."

"ఇప్పుడేనా సార్?"

"ఇప్పుడే. ఇంకో నలభై రోజులు ఇస్తే నువ్వు ఇంకేం మర్చిపోతావో! దారి చెప్పు."

సూది వెనక బల్లమీద కూర్చున్నాడు. ముందు అద్దంలోంచి రెండు కళ్ళు తనకేసి చూసి నవ్వాయి. పుట్టి పెరిగిన ఇంటికి కుడివైపు తిరగాలో ఎడమవైపు తిరగాలో గుర్తుచేసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.