పరాయి పేరు కుట్టిన గౌను

అసురసంధ్య వేళ!

డిసెంబరు నెల. మధ్యాహ్నం టీ తాగిన కప్పులు ఇంకా కడగనే లేదు, యార్క్‌షైర్ కొండల మీద కాటుక చీకటి దిగిపోయింది. బీడు మీదుగా గాలి ఊళలు పెడుతోంది. మూతపడ్డ ఉన్ని మిల్లు పొగగొట్టం మీద గుడ్లగూబ ఒకటి ఆగి ఆగి అరుస్తోంది. చలికాలంలో ఎన్నడూ ఉరమని ఆకాశం ఆ సాయంత్రం ఉరిమింది...

తన పాత బట్టల కొట్టు పై అంతస్తులో, చెల్లెలి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది మెరియల్.

టామ్‌సిన్‌కి నిండా పాతికేళ్లు లేవు. మొన్నటిదాకా నల్లగా నిగనిగలాడిన జుట్టు సగం నెరిసిపోయింది. చేతులు ముడతలు పడి వడిలిన ఆకుల్లా ఉన్నాయి. ఒంటి మీద ఆకుపచ్చ క్రేప్ గౌను! సంతలో ఆంబ్రోజ్ కెటిల్‌వెల్ అనేవాడి దగ్గర ముచ్చటపడి కొని తొడుక్కుంది. మళ్లీ విప్పలేదు. విప్పబోయిన అక్క మణికట్టులో పళ్లు దించింది. "ఈ గౌను మీద చెయ్యి వేస్తే ఈ పిల్లని నాతో తీసుకుపోతా" అని ఆ లేత గొంతులోంచి మరెవరిదో గొంతు పలికింది.

డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లాడు. చర్చి ఫాదరు గుమ్మం దాటలేక వణుకుతూ వెనక్కి తిరిగాడు. ఇక దిక్కుతోచక, గౌను అమ్మినవాణ్ణే కాళ్లావేళ్లా పడి పిలుచుకొచ్చింది మెరియల్.

కెటిల్‌వెల్ సంచిలోంచి ఒక కపాలాన్ని తీసి తలగడ పక్కన పెట్టాడు. చుట్టూ నల్ల కొవ్వొత్తులు వెలిగించాడు.

"పందొమ్మిది వందల ముప్పై నాలుగులో కాలవలో పడి చచ్చిన పిల్ల. పేరు డొరొతియా. ఈ గౌను దానిదే" అన్నాడు తాపీగా. "నువ్వు మాత్రం గౌను ముట్టుకోకు. ముట్టుకున్నావో, మీ చెల్లి గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది."

"బతుకుతుందా?"

"నే చెప్పినట్టు వింటే."

అతని కంఠం నుంచి క్షుద్రమంత్రం వికృతంగా వెలువడింది. "డొరొతియా" అని పిలిచినప్పుడల్లా టామ్‌సిన్ దేహం విల్లులా వంగి, గది అదిరేలా కేక పెట్టింది. ఒక్కో కేకతో మరో పాయ తెల్లబడింది. మెరియల్ భయంతో అతని వైపు చూసింది... చూసి కొయ్యబారిపోయింది. కెటిల్‌వెల్ కళ్ల కింది ముడతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి! అతను దయ్యాన్ని వదిలించడం లేదు. టామ్‌సిన్ ఆయుష్షును తాగుతున్నాడు.

"బండిలో కాలవ నీళ్లున్నాయి, తెస్తాను. చివరి ఘట్టం అదే" అంటూ అతను కిందికి దిగాడు.

అతను వెళ్లగానే పక్కింటి మావిస్ ఆంటీ సూప్ గిన్నెతో వగర్చుకుంటూ పైకొచ్చింది.

"వాణ్ణెందుకు రానిచ్చావే అమ్మాయ్? నన్ను చూసి మొహం తిప్పుకుని పోయాడు."

మెరియల్ గౌను వైపే చూస్తోంది. తాకితే చెల్లెలు చచ్చిపోతుంది. తాకకపోయినా చచ్చిపోతుంది. ఆమె కొవ్వొత్తి దగ్గరికి లాక్కుని, స్పృహ తప్పి బోర్లా పడి ఉన్న టామ్‌సిన్ మీదికి వంగింది. బట్టను తిరగేసి, లోపలి కుట్లు చూసి, అది ఏ కాలానిదో చెప్పడమే ఆమె బతుకుతెరువు. ఆ పనే ఇప్పుడు చేసింది. తాకినా టామ్‌సిన్ ఊపిరి ఆడుతూనే ఉంది.

మెడ వెనక, డొరొతియా అన్న పేరున్న పట్టు లేబుల్. ముప్పైల నాటిదే, అనుమానం లేదు. కానీ...

"ఆంటీ, ఇటు చూడు. ఆ రోజుల్లో గౌనుకి జిప్పు పక్కన పెట్టేవాళ్లు, ఇనుప పళ్లతో. దీనికి వీపు మధ్యన ఉంది. నైలాన్‌ది. లోపల అంతా అంచుల్ని మిషన్ మీద చుట్టే ఓవర్‌లాక్ కుట్టు. ఇవన్నీ తర్వాతి కాలానివి."

లేబుల్ మూల నుంచి వేలాడుతున్న దారపు కొసను మంటకి చూపించింది. నూలు దారంలా బూడిద కాలేదు. కరిగి చిన్న పూసలా గడ్డకట్టింది.

"పాలిస్టర్ దారం. గౌను డెబ్బైల్లో కుట్టింది. అప్పుడీ పాత ఫ్యాషన్ మళ్లీ వచ్చింది కదా. లేబుల్ మాత్రం ఎవరో వేరే గౌనుది ఊడదీసి దీనికి కుట్టారు."

"ఎందుకలా?"

మెరియల్ వేళ్లు ఎడమ భుజం దగ్గర ఆగాయి. కుడి వైపు లేని మందపాటి మెత్త ఒకటి అక్కడ ఉంది. లోపలి వైపు నీలం గళ్ల గుడ్డ.

మావిస్ ఆంటీ చేతిలో గిన్నె జారి పడింది.

"ఆ గుడ్డ మా ఆయన చొక్కాది. ఆ మెత్త నేనే కుట్టిచ్చాను... వెరిటీకి. చిన్నప్పుడు భుజం విరిగి ఒక పక్కకి వాలిపోయింది దానికి. ఈ కెటిల్‌వెల్ పెళ్లామే. చెప్పా పెట్టకుండా ఆస్ట్రేలియా పోయిందన్నాడు."

మెరియల్‌కి అంతా అర్థమైంది. వెరిటీ ఎక్కడికీ పోలేదు. భార్యను చంపి, ఆమె ఆత్మ తన మీదికి రాకుండా ఎవరో చచ్చిపోయిన పిల్ల పేరును సంకెలగా వేశాడు. తానెవరో తెలియని ఆత్మ, పిలిచిన పేరుకల్లా పలుకుతూ ఇన్నేళ్లూ వాడికి ఊడిగం చేస్తోంది!

మెట్ల మీద బూట్ల చప్పుడు...

కత్తెర తీసి లేబుల్ కింద దూర్చింది మెరియల్. మొదటి కుట్టు తెగింది. టామ్‌సిన్ ఊపిరి ఆగిపోయింది! మెరియల్ చెయ్యి ఆగలేదు. కళ్ల నీళ్లలో ఏమీ కనపడక, తడుముకుంటూ కత్తిరించింది.

"ఆపు" అన్నాడు గుమ్మంలోంచి కెటిల్‌వెల్. చేతిలో బకెట్టు, కళ్లలో నిప్పులు. "ఇంకో కుట్టు తెంపావంటే మీ ముగ్గురినీ ఆ కాలవలోనే కలిపేస్తాను."

ఆఖరి కుట్టు తెగింది.

"వెరిటీ" అని పిలిచింది మెరియల్. మావిస్ ఆంటీ అందుకుంది. "వెరిటీ, నేనే, మావిస్‌ని. వాడు ఇక్కడే ఉన్నాడు, చూడు."

ఫెళఫెళమని పిడుగు పడింది! కొవ్వొత్తులు ఒక్కసారిగా ఆకుపచ్చగా మండాయి. తలగడ పక్కనున్న కపాలం మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. టామ్‌సిన్ ఒంటి మీది గౌను దానంతట అదే జారి, నేల మీద ఖాళీగా, ఎడమ భుజం కిందికి వాలి... లేచి నిలబడింది.

కెటిల్‌వెల్ చేతిలోంచి బకెట్టు పడిపోయింది. "డొరొతియా, ఆగు. ఆజ్ఞాపిస్తున్నాను, డొరొతియా..."

ఆ పేరు గల వాళ్లెవరూ అక్కడ లేరు. గౌను అతని నెత్తి మీదుగా దిగి దేహాన్ని చుట్టేసింది. వెనక జిప్పు కర్రుమంటూ పైకి పాకింది. క్రేప్ గుడ్డ బిగుసుకుంది... ఇంకా బిగుసుకుంది. ఎముకలు పటపటా విరిగాయి. దొంగిలించిన ఏళ్లన్నీ ఆవిరై పోతుంటే, అతని ముఖం వడిలి, ఎండి, పెచ్చులై రాలింది. భయంకరమైన ఆర్తనాదం ఒకటి కొండల్ని తాకి అణగారిపోయింది. నేల మీద గుప్పెడు బూడిద, దాని మీద ఆకుపచ్చ గౌను మిగిలాయి.

మెరియల్ దుప్పటి లాగి చెల్లెల్ని గుండెలకు హత్తుకుంది. చాలాసేపటికి ఆ ఛాతీ కదిలింది.

"అక్కా," అంది టామ్‌సిన్, తన సొంత గొంతుతో. "ఆవిడ ఎక్కడుందో నాకు చెప్పింది. వాడి ఇంట్లో, బొగ్గుల గది రాళ్ల కింద."

మర్నాడు పోలీసులు ఆ రాళ్లు ఎత్తారు. తల లేని అస్థిపంజరం ఉంది.

కపాలాన్ని దానితో చేర్చి పూడ్చిన రోజు సన్నగా మంచు కురిసింది. టామ్‌సిన్ ముడతలు పోయాయి, నెరుపు మాత్రం పోలేదు. అందరూ వెళ్లాక కూడా మావిస్ ఆంటీ ఆ మట్టి దగ్గరే నిలబడింది.

"ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదని ఇన్నాళ్లూ దీన్ని తిట్టుకున్నాను మెరియల్," అంది. "రోజూ తిట్టుకున్నాను."