బల్ల దగ్గర ఆగిపోయిన లైవ్

పాస్టర్ ఇమ్మాను రొట్టె ఎత్తి ప్రార్థన ముగించాడో లేదో, చర్చి మేడ మీద నుంచి కెమెరాలు చూసుకునే ఎబెన్ అరుపు వినిపించింది.

"ఫిర్ గయా! మళ్లీ పోయింది!"

వెనక బెంచీలో శ్యామసుందర్ ఉసూరుమన్నాడు. పవర్ హౌస్ బజారులో డిటెక్టివ్ ఆఫీసు నడిపే జ్ఞానప్రసూనకు అతను అసిస్టెంటు. ఆమె తెలివి మీద అతనికి ఎనలేని గురి. ఈ కేసు ఆ గురికే పరీక్ష పెట్టింది. పోయిన నెల ఇద్దరూ కంప్యూటర్ పక్కనే కాపలా కూర్చున్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు, అయినా లైవ్ ఆగిపోయింది. ఈ నెల మేడ మీదికి వెళ్లే తీగ పొడుగునా కాపలా పెట్టినా అదే వరస.

హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఊళ్లో, వైశాలి నగర్‌లోని ఆ తెలుగు చర్చి కొన్నాళ్లుగా ఆరాధనను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తోంది. స్టీల్ ప్లాంటులో రిటైరై విశాఖ, విజయనగరం వెళ్లిపోయినవాళ్లు రొట్టెముక్క చేత పట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మామూలు ఆదివారాల్లో ఏ ఇబ్బందీ లేదు. నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం మాత్రం, జనం వరుస కట్టి ముందుకు రాబోయే సమయానికి తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది.

ఆరాధన అయ్యాక పాస్టరు గదిలో విచారణ మొదలైంది.

"కరెంటుంది. కంప్యూటర్ ఠీక్ ఉంది. నెట్టే పోతాది," అన్నాడు ఎబెన్ విసుగ్గా. అతని చూపు సంఘ పెద్ద శౌరి వైపు మళ్లింది.

"నాకేసి సూస్తావేటిరా?" ముసలాయన భగ్గుమన్నాడు. "ఆరాధన సినిమా కాదన్నాను, నిజమే. మొహమ్మీదే అన్నాను. పళ్లెం పట్టుకుని అందరి ముందూ నిలబడ్డోణ్ణి, తీగలెప్పుడు పీకుతాను?"

"లైవ్ ఆగినప్పుడు చూసేవాళ్లు ఫోన్ చెయ్యరా?" జ్ఞానప్రసూన అడిగింది.

"చేస్తారట మేడమ్. చర్చి నంబరు ఎంగేజ్ వస్తుందట. అందరూ ఒకేసారి చేస్తే అంతే కదా," అన్నాడు ఇమ్మాను.

"ఫోన్లు ఎక్కడున్నాయి?"

"ఒకే నంబరుకి రెండు. ఒకటి మేడ మీద కంప్యూటర్ దగ్గర. ఇంకోటి వెనక వంటగదిలో."

"బల్ల ఇచ్చే రోజున కెమెరాలో తేడా ఏమైనా ఉందా?"

"ఆ రోజు బలిపీఠం పక్కన రెండో కెమెరా పెడతాను," అన్నాడు ఎబెన్. "లైన్‌లో వచ్చేవాళ్ల మొహాలు సాఫ్‌గా పడతాయి. ఊళ్లకి వెళ్లిపోయిన పాతోళ్లకి మనోళ్లని చూడాలని ఉంటాది గదా."

పాస్టరు భార్య దెబోరా టీ కప్పులు పెట్టి వెళ్లిపోయింది.

బయటికి రాగానే శ్యామసుందర్ కోపం ఆగలేదు. "ఫోన్ల గోల మనకెందుకు మేడమ్? ఈ కేసు వదిలేద్దాం."

"వరుస చూస్తూ ఉండమన్నానుగా. ఏం చూశావు?"

"ఏముంది? అందరూ వెళ్లారు. ఒకామె ముసుగు కళ్ల దాకా లాక్కుని కూర్చుండిపోయింది. ఎబెన్ అరిచాకే లేచి వరుసలోకి వెళ్లింది. ఇక దెబోరాగారు, అందరికన్నా ఆఖర్న వంటగది వైపు నుంచి వచ్చారు."

జ్ఞానప్రసూన ఆగిపోయింది. "ఇది ముందే చెప్పొద్దూ?"

"మీరు అడగందే!"

సాయంత్రం ఆమె ఇమ్మాను, దెబోరా, శౌరి, ఎబెన్‌లను చర్చికి పిలిచింది. ఎబెన్‌తో మేడ మీది కంప్యూటర్‌లో నెట్ పెట్టించి, శ్యామసుందర్‌ని వంటగదికి పంపింది. అతను రిసీవర్ ఎత్తగానే ఎబెన్ మేడ మీద నుంచే కేకేశాడు. "అరే, ఫిర్ గయా!"

అతను దిగి వచ్చాక ఆమె చెప్పింది. "నెట్ వచ్చేది ఫోన్ తీగ మీదే. మేడ మీది ఫోన్‌కి నెట్ చెడకుండా కాపాడే చిన్న డబ్బా ఉంది. వంటగది ఫోన్‌కి లేదు. అది ఎత్తితే నెట్ తెగుతుంది. ఎత్తి పక్కన పెట్టేస్తే నంబరు ఎంగేజ్ వస్తుంది. తెగేది మొహాలు చూపించే కెమెరా పెట్టిన రోజునే. అంటే ఎవరిదో మొహం కనిపించకూడదు. ఆమె ఎవరో నేను చెప్పను. ఆ సమయంలో వంటగదిలో ఉండేది మాత్రం ఒక్కరే."

"నేనే ఎత్తాను," అంది దెబోరా. "మొదటిసారి పొరపాటున ఎత్తితే ఎబెన్ అరిచాడు. అప్పుడు తెలిసింది."

ఇమ్మాను బెంచీ మీంచి లేచాడు. "ఎందుకు?" అన్నాడు.

"సిరి కోసం. ముసుగు కళ్ల దాకా లాక్కుని కూర్చునేది అదే. వాళ్లాయన విజయనగరమంతా ఎతుకుతున్నాడు. మన లైవ్ అక్కడోళ్లు చూస్తారు. మొహం పడిందంటే ఇక్కడ వాలతాడు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే!"

"వాడు కొడుతున్నాడని ఒకసారి చెప్పానండీ. సర్దుకుపొమ్మని ప్రార్థన చేసి, మీరే దాన్ని రైలెక్కించారు. చెయ్యి విరిగి తిరిగొచ్చింది. ఇంకోసారి మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

నేరస్థుడు దొరికితే కసి తీరుతుందనుకున్న శ్యామసుందర్‌కి తల ఎత్తాలనిపించలేదు.

"రెండో కెమెరా తీసెయ్," ఇమ్మాను ఎబెన్‌తో అన్నాడు.

"ఊళ్లోవాళ్లు అడిగితే, అయ్యగారూ?"

"నేను చెప్పుకుంటాను." తర్వాత భార్య వైపు తిరిగాడు. "సిరిని ఒకసారి పిలుస్తావా?"

"పిలవను. మీరే వెళ్లండి. తలుపు తియ్యకపోతే బయటే నిలబడండి."

అతను చెప్పులేసుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి, ఇటో అటో తేల్చుకోలేక వెనక్కి చూశాడు. సిరి ఉండే ఇల్లెక్కడో అతనికి తెలియదు.

దెబోరా గేటు దగ్గరికి వచ్చింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, "జాముల్ వైపు," అంటూ ముందు నడిచింది.