పిలక కింద

నేలలో పాతిన గునపం మొన మీద కొబ్బరికాయ దిగింది. పళ్ళాలమ్మ రెండు చేతులా నొక్కి మెలిపెట్టింది. పీచు డొక్క ఒక పక్క విడిపోయింది. మళ్ళీ నొక్కుడు, మళ్ళీ మెలి. డొక్కంతా ఊడి కాయ చేతిలోకి వచ్చింది, నెత్తిన పిలకతో సహా. దాన్ని గానుగలోకి కదిలే పట్టీ మీద నిలబెట్టింది. పిలక పైకే ఉండాలి. ఎటు పడితే అటు పెడితే గానుగ ఊరుకోదు.

పట్టీ చివర ఇనుపవేళ్ళు దిగి, పిలక పట్టుకుని కాయను ఎత్తి లోపలికి తీసుకుపోయాయి. పగలగొట్టడం, ఆరబెట్టడం, నూనె పిండడం అన్నీ లోపలే. మనిషిని లోపలికి రానివ్వరు. ఆ నూనె గొట్టాల్లో పోయి గట్టుయంత్రాలను తిప్పుతుంది. గట్టుయంత్రాలు ఊళ్ళోకి ఊరే సముద్రాన్ని తోడి బయట పోస్తాయి. అవి ఒక పూట ఆగితే తూరుపులంక వీధుల్లో మోకాలి లోతు ఉప్పునీళ్ళు. రెండు రోజులు ఆగితే లంకే ఉండదు. మిగిలిన నూనె ఓడలకెక్కి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. గట్టు పేరు చెబితే చాలు, లంకలో అందరి నోళ్ళూ మూతపడతాయి.

షెడ్డు బయట దింపర్లు, కాయలు దింపే మరలు, చెట్లకు కరుచుకుని పైకి పాకుతున్నాయి. పండిన గెలను కోసి, నడుముకు కట్టుకుని, దిగి, పక్క చెట్టు ఎక్కుతాయి. చెట్లన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. పెద్ద అల వచ్చి పాత చెట్లు ఉప్పుకి మాడిపోయాక గానుగ నడిపే సంస్థ పంచిన మొక్కలవి. ఉప్పునీరు వచ్చే గీత దాటి పెట్టినా చావవు. ఏడాది పొడుగునా కాస్తాయి. అప్పట్లో జనం చేతులెత్తి దండం పెట్టి మరీ తీసుకున్నారు.

"ఏటే పళ్ళాలూ, మొలిచిందా?"

పక్క గునపం దగ్గర వరాలు. ఆమె గొంతు షెడ్డు ఆ చివరిదాకా వినపడుతుంది. వినపడాలనే అడుగుతుంది.

పళ్ళాలమ్మ ఇంకో కాయ గునపం మీద దించింది.

"ఇయ్యాల సాయంత్రమేగా నీ ఇంటి మీదకి కొలతపక్షి వచ్చేది? ఆకు కనబడాపోతే ఇంతే సంగతులు. మీ ఇంటి మట్టి తెల్లారేసరికి గట్టెక్కేత్తది."

"ఎక్కితే ఎక్కుద్ది. నీకేటే?"

"నాకేటి? ఆ చేత్తో నువ్వు పెట్టిన పచ్చడి కూడా బూజు పట్టేత్తది, కాయేం మొలుత్తది అంటన్నాను."

ఆడవాళ్ళు నవ్వారు. పళ్ళాలమ్మ గునపం మీద కాయను ఎంత గట్టిగా కొట్టిందంటే డొక్క ఒక్క దెబ్బకే చీలిపోయింది.

చట్టం చిన్నదే. వంతు వచ్చిన ఇంటికి డొక్కతో సహా ఒక విత్తనకాయ ఇస్తారు. ఇసకలో పాతి మొలిపించాలి. సంస్థ ఎగరేసే కొలతపక్షి వచ్చిన రోజున ఆ స్థలంలో బతికున్న మొక్క కనబడితే స్థలం ఇంకో వంతుదాకా ఆ ఇంటిదే. కనబడకపోతే స్థలం మట్టికి పోతుంది. గట్టు పెంచడానికి మట్టి కావాలి, లంకకి బయట నుంచి మట్టి రాదు. కాబట్టి ఇల్లు కూలగొట్టి, కింద నిలువులోతు తవ్వి, గట్టు మీద పోస్తారు. ఇంటివాళ్ళు సంస్థ కట్టిన వరసగదుల్లోకి పోయి, సంస్థ పెట్టింది తిని, సంస్థ చెప్పిన చోట పని చేస్తారు. పళ్ళాలమ్మ వీధిలో ఇప్పటికే సగం ఇళ్ళున్న చోట ఉప్పునీటి గుంటలున్నాయి. మేస్త్రీల ఇళ్ళలో మాత్రం మొక్కలు మొలుస్తున్నాయి. వాళ్ళ చెయ్యి మంచిదంటారు. మొలవని వాళ్ళ చెయ్యి ఎండుచెయ్యంటారు. మొలవని కాయను ఎవరూ బయటపెట్టరు. తెల్లారకముందే పొయ్యిలో పెట్టేసి, తలుపేసుకుని ఏడుస్తారు.

పళ్ళాలమ్మ కాయ కూడా మొలవలేదు. ఆ స్థలం అల తినేసి వదిలిన గుంట. మొగుడూ తనూ గోదారి పాయలోంచి బురద గంపలకెత్తుకుని, నెత్తి మీద మోసి నింపారు. మొగుడు ఆ మోతలోనే నడుం విరిగి పోయాడు. ఆ నేల ఈ సాయంత్రం పోతుంది. తన చేతిలో ఏం పాపముందో అని పొద్దుట్నించీ నాలుగుసార్లు అరచేతులు చూసుకుంది.

పాపం చేతిలో ఉందో కాయలో ఉందో చూద్దామని బుద్ధి పుట్టింది. చిన్నప్పుడు అమ్మ కాయను పాతే ముందు దాని తోటిది ఒకటి ఒలిచి, పిలక తీసి, మూడు కళ్ళలో మెత్తకన్నును బొటనవేలితో నొక్కి చూసేది. వేలు దిగినట్టుంటే ఆ చెట్టు కాయ మొలుస్తుంది. మొలక వచ్చేది ఆ కన్నులోంచే.

పిలక పీకడం తప్పు. పిలక లేని కాయ కన్ను దగ్గర గాలి సోకి కుళ్ళుతుందని పూర్వం నుంచీ ఒలుపువాళ్ళెవరూ పీకరు. సంస్థ వచ్చి ఆ అలవాటునే చట్టం చేసింది. ఇళ్ళకు కోసిన కొబ్బరి ముక్కలే పంచుతారు, గుళ్ళో కాయ కొట్టడం మాన్పించి దీపానికి నూనె ఇస్తున్నారు. పిలక తీసిన కాయను చూసి ఎన్నేళ్ళయిందో పళ్ళాలమ్మకు గుర్తు లేదు.

డొక్కల గుట్ట చాటుకు పోయి కూర్చుంది. పిలకను గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజింది. ఊడొచ్చింది. మెత్తకన్ను కోసం బొటనవేలు పెట్టింది.

వేలు జారింది.

కాయను వెలుతురుకు తిప్పింది. పిలక కింద ఏమీ లేదు. మెత్తకన్ను లేదు, మిగతా రెండు గట్టికళ్ళూ లేవు. కళ్ళుండాల్సిన చోట పెంకు నున్నగా, పసిబిడ్డ నుదురులా ఉంది.

ఆమెకు ముందు భయం వేసింది, చూడకూడని పిండాన్నేదో చూసినట్టు. కాయను కింద పెట్టేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. ఇంకో కాయ తెచ్చి పీకింది. లేవు. ఇంకోటి. లేవు. గుట్టకు ఆ పక్కనున్న వేరే తోట కాయలు తెచ్చి పీకింది. ఒకదానికీ కళ్ళు లేవు. ఒళ్ళో బోడికాయలు పెట్టుకుని నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది.

"ఏం చేత్తన్నావే అక్కడ? పట్టీ ఖాళీగా పోతంది, మేస్త్రీ చూశాడంటే..." వరాలు గుట్ట చుట్టూ తిరిగి వచ్చింది. "అయ్యబాబోయ్, పిలకలు పీకేత్తన్నావా! నీకేమన్నా పిచ్చా?"

పళ్ళాలమ్మ ఒక కాయ ఎత్తి చూపించింది. వరాలు వంగి చూసింది. చేతిలోకి తీసుకుంది. కింద కూడా తిప్పి చూసింది, కళ్ళు అటెళ్ళాయేమోనని.

"కళ్ళేయే?"

"లేవు."

"లేకపోడం ఏటే? కాయన్నాక కళ్ళుండవా?"

"ఏ కాయకీ లేవు వరాలూ. ఇయ్యన్నీ చూడు."

వరాలు కూలబడింది. ఇందాకటి గొంతు లేదు. "మాక్కూడా మొన్న విత్తనకాయ ఇచ్చారు. వచ్చే వంతు మాది. వంటింటెనకాల పాతాను. తవ్వి చూత్తే అలాగే ఉంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. పొయ్యిలో పెట్టేశాను. మా ఆయనక్కూడా చెప్పలేదే. నిన్ను అందరూ అంటంటే నామీదకి రాకూడదని నేనే ముందు అనేదాన్ని..."

పళ్ళాలమ్మ విన్నదో లేదో. ఉప్పునీటి గుంటలయిపోయిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వస్తున్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళందరినీ తనూ అన్నది. ఎండుచెయ్యని.

"పిన్నీ! ఏంటిది?" మేస్త్రీ భద్రం వచ్చేశాడు. వావికి కొడుకు వరస. చెవిపూసలో ఎవరో అరుస్తున్నట్టున్నారు, తల ఒక పక్కకు వంచాడు. "పట్టీ ఖాళీగా పోతుందని పైనుంచి తిడతన్నారు. రండి, రండి."

ఆమె కాయ అతని చేతిలో పెట్టింది. భద్రం ముఖంలో రక్తం పోయింది. వరాలును గునపం దగ్గరకు పొమ్మని, పళ్ళాలమ్మను తన గదిలోకి తీసుకుపోయి తలుపేశాడు. పైవాళ్ళతో మాట్లాడే మాటపెట్టె ముందు కాయ పెట్టాడు.

"మేడం, కాయల్లో ఏదో తెగులండి. కళ్ళు లేవండి."

"అది తెగులు కాదు భద్రం గారూ, రకం," అంది మాటపెట్టెలోంచి ఒక ఆడగొంతు. కంగారు లేదు, కోపం లేదు. "మొలక కాయలోని నూనెను తినేస్తుంది. మొలవని కాయలో నూనె నిలుస్తుంది. మొక్కలు పంచిన రోజున ఒప్పందంలో ఉన్న విషయమే."

"ఎవరొప్పుకున్నారండి?" అంది పళ్ళాలమ్మ.

"మొక్క తీసుకున్న ప్రతి కుటుంబమూ."

"మొలవని కాయ చేతికిచ్చి, మొలిపించాపోతే ఇల్లు తవ్వుకుంటన్నారా?"

మాటపెట్టె మాట మార్చింది. "పళ్ళాలమ్మ గారూ," అంది. ఆమెను గారూ అని పిలిచిన వాళ్ళు ఇంతవరకూ లేరు. "మీ స్థలం కొలత ఈ సాయంత్రమే కదా. భద్రం గారి వెనక అరలో ఒక మొక్క ఉంది. తీసుకువెళ్ళి నాటుకోండి. వచ్చే వంతుకీ ఇస్తాం. మీ నేల మీదే ఉంటుంది. పిలకల సంగతి మాత్రం షెడ్డులో వద్దు. గట్టు మీద ఎంతమంది ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో మీకు తెలుసు."

భద్రం అర తెరిచాడు. మొక్క. రెండు ఆకులు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. కింద డొక్కలోంచి తెల్లటి వేళ్ళు. దాన్ని ఆమె చేతుల్లో పెడుతూ, పెట్టెకు వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తీసుకో పిన్నీ. మాదీ మొలవలేదు. మాకూ ఇలాగే ఇచ్చారు. మా ఒక్క కాయే పుచ్చిందనుకున్నాను. నేను కూడా నీలాగే..." ఆపేశాడు. "ఎల్లిపో. ఇప్పుడే ఎల్లి నాటేసుకో."

పళ్ళాలమ్మ మొక్క పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. బరువుగా ఉంది, చంటిపిల్లంత. ఆకుల మీద నీళ్ళ తడి ఇంకా ఆరలేదు. ఇంటికి పోవడానికి పట్టే సేపెంత? ఇసక తీసి, గొయ్యి తవ్వి, పెట్టి, మట్టి కప్పి. మొగుడు మోసిన మట్టి. కొలతపక్షి వస్తుంది, ఆకు చూస్తుంది, పోతుంది. అంతే. అయిపోతుంది.

ఆడవాళ్ళు తలలెత్తారు.

"ఓసి నీ దుంప తెగ, మొక్కే! యెక్కడిదే?"

"మొలిచిందా? మరి మొలవలేదన్నావు?"

"నీ చెయ్యి మంచిదేనే, ఊరికే ఆడిపోసుకున్నాం."

నీ చెయ్యి మంచిదే. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఇప్పుడా మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఈ మొక్క పట్టుకుని గుమ్మం దాటితే తనూ మేస్త్రీల జాబితాలో చేరుతుంది. మిగతావాళ్ళు ఎండుచేతులు. వాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటే గుంటలు.

 వరాలు మాత్రం మొక్కను చూసి, పళ్ళాలమ్మ మొహం చూసి, తల దించుకుని కాయ ఒలవడం మొదలుపెట్టింది.

పళ్ళాలమ్మ గుమ్మం దాకా పోయింది. వెనక్కి వచ్చింది. మొక్కను ఎత్తి, డొక్క పక్కగా, తన గునపం మీద దించింది.

షెడ్డంతా కేక పెట్టింది. ఎవరో పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకుంది. నొక్కి మెలిపెట్టింది. వేళ్ళు పటపట తెగాయి. ఆకులు గునపానికి కొట్టుకుని విరిగాయి. డొక్క ఊడదీసి, కాయ పైకెత్తింది. రెండు కళ్ళు మూసుకుని ఉన్నాయి. మూడో కన్ను తెరుచుకుని, దాంట్లోంచి చిటికెనవేలంత తెల్లటి మొలక.

"చూడండే! కాయంటే ఇలాగుంటది! ఈళ్ళ దగ్గర కళ్ళున్న కాయలున్నాయి. మనకిచ్చినయ్యి గుడ్డివి. ఎవత్తి చేతిలోనూ ఏం లేదు. మీ కాళ్ళ దగ్గరున్న కాయ తీసి పిలక పీకి చూడండి!"

ఎవరూ కదల్లేదు. పట్టీ ఖాళీగా నడుస్తోంది. అప్పుడు వరాలు తన చేతిలో కాయ పిలక గుంజింది. బోడికాయను తెచ్చి అందరికీ చూపించింది. ఇంకొకామె పీకింది. ఇంకొకామె. ఒక ముసలావిడ కాయను తడిమి తడిమి, కళ్ళు కనపడక తెలియలేదేమోనని కోడలికిచ్చింది. కోడలు చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. వాళ్ళది పోయిన వంతులో మట్టికి పోయింది. ఆ ముసలావిడే ఎండుచెయ్యని కోడలి చేతికి వాత పెట్టింది.

భద్రం గదిలోంచి వచ్చాడు. నేల మీద విరిగిపడ్డ మొక్కను చూసి గోడకు చేరబడ్డాడు.

"పిన్నీ, నీ ఇల్లు..."

"పోయింది లేరా. సాయంత్రం పోయేదే."

వరాలు బోడికాయను పట్టీ మీద పెట్టింది. ఇనుపవేళ్ళు దిగాయి, పిలక కోసం వెతికాయి, జారాయి. కాయ పక్కకు దొర్లింది. షెడ్డులో గంట మోగింది.

"వద్దే! గట్టుయంత్రం ఆగిపోద్ది, అందరం మునిగిపోతాం!" అని ఎవరో ఏడుపుగొంతుతో అరిచారు.

ఆ మాటకి చేతులు ఆగాయి. అందరూ పళ్ళాలమ్మను చూశారు.  మాటపెట్టె గొంతు గది దాటి షెడ్డు గోడల్లోంచే వచ్చింది.

"పళ్ళాలమ్మ గారూ. కాయ ఆగితే మొదట మునిగేది మీ పిల్లలే. పిలకలతో పంపండి."

"ఇంటికో కళ్ళున్న కాయ ఓడలో తెచ్చి దించమ్మా," అంది పళ్ళాలమ్మ పైకి చూస్తూ. ఎటు చూసి మాట్లాడాలో తెలియక దూలానికి చెప్పింది. "దిగిన గంటకి పిలకలతో పంపుతాం. అందాకా పిలకల్లేవు. గట్టు మీ నూనెతో నడుత్తంది కదా, మరి ఆలోసించుకోండి. మాకీ మట్టి తప్ప పోడానికి ఇంకేం లేదు."

గంట ఇంకా మోగుతూనే ఉంది. 

పళ్ళాలమ్మ కింద కూర్చుని ఒక కాయ ఒళ్ళో పెట్టుకుంది. పిలక పీకింది. వరాలు పక్కన కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. కాసేపటికి భద్రం చెవిపూస తీసి జేబులో వేసుకుని, ఆడవాళ్ళ మధ్య చోటు చూసుకున్నాడు. పట్టీ మీద గుడ్డికాయలు బారులు తీరాయి. ఇనుపవేళ్ళు దిగి గాలిని పట్టుకుని పైకి లేచాయి. మళ్ళీ దిగాయి. దూరంగా గట్టు వైపు, గట్టు కట్టిననాటి నుంచీ ఎప్పుడూ ఆగని యంత్రాల హోరు ఒక్కసారి తడబడింది. ఎవరూ లేవలేదు.